ఊరు దాటని ఏడాది: మన ఫొటోగ్రఫీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్న ప్రకారం ఈ ఏడాది సంఘం తరఫున పాపికొండలకు గానీ అరకుకు గానీ యాత్ర పెట్టలేదు. నెలనెలా నడకలన్నీ రాజమండ్రిలోనే సాగాయి. ఇంటి గుమ్మం, టీకొట్టు, కూరగాయల బజారు, రేవు, అంతే. రోజూ చూసేదాంట్లో తీయడానికేముందని మొదట్లో కొందరు గొణిగారు. అందులో న్యాయం లేకపోలేదు, అలవాటైన చోట కన్ను ఆగదు. అందుకని కార్యవర్గం ఒక్క షరతు పెట్టింది. ఎక్కడికి వెళ్లినా ముందు వెలుగు ఎటునుంచి పడుతోందో చూసుకోవాలి, అది దేనిమీద పడుతోందో ఆ తర్వాత చూడాలి, కెమెరా తీసేది ఆఖర్న.

రేవు నడకల్లో ఈ షరతు బాగా పనికొచ్చింది. మన ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. పొద్దున నది వైపు తిరిగి నిలబడితే సూర్యుడు మన వీపు వెనక, మేడల మీదుగా వస్తాడు. ముఖాలకూ పడవలకూ నిండుగా రంగు ఉంటుంది. సాయంత్రం అవతలి గట్టున ఉన్న కొవ్వూరు వైపు దిగుతాడు కాబట్టి అవే పడవలు నల్లటి ఆకారాలైపోతాయి. అప్పుడు కూడా ముఖాలు తేటగా రావాలని ఎక్స్‌పోజరు (కెమెరా లోపలికి చేరే వెలుగు మోతాదు) పెంచినవారికి ఆకాశం పాలిపోయింది. సాయంత్రం పూట తెరమీద ఆకాశాన్ని వేలితో నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజరు అక్కడ బిగించాలి. మనుషుల్ని నలుపుకే వదిలేయాలి. ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే మధ్యలో సందు కనిపించేదాకా ఆగాలి. రెండు ఆకారాలు అంటుకుంటే రెండు తలల ముద్ద మిగులుతుంది.

ధనుర్మాసం ముగ్గుల నడకకు ఎక్కువమంది వచ్చారు, ఎక్కువ ఫొటోలు చెడిందీ అక్కడే. కారణం కళ్లాపి. తడికి నేల నల్లబడుతుంది. కెమెరాకు అది కళ్లాపి అని తెలియదు, చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది. దాంతో గీతలు సున్నం పూసినట్టు ఉబ్బుతాయి, పిండి రేణువు కనబడదు. ఎక్స్‌పోజరును 0.7 నుంచి 1 స్టాపు దాకా తగ్గిస్తే (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) నేల నేలలా, పిండి పిండిలా వస్తుంది. ఫోనులో అయితే ముగ్గు మీద వేలు పెట్టినప్పుడు వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరపాలి. చూపుడువేలూ బొటనవేలూ మధ్యనుంచి పిండి జారే క్షణం కావాలనుకుంటే షట్టరు వేగం, అంటే వెలుగు కోసం కెమెరా తెరుచుకుని ఉండే సమయం (సెకనులో ఎన్నో వంతు), చూసుకోవాలి. 1/125 దగ్గర పిండి దారంలా కనబడుతుంది, 1/500 దగ్గర రేణువులు విడివిడిగా ఆగుతాయి. తెల్లవారకముందు వీధిదీపం కింద 1/500 పెడితే ఐఎస్‌వో (వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వం) ఆకాశానికంటుతుంది, ఫొటో నిండా గింజల్లాంటి చుక్కలే. అందుకే ఆ ఫొటోను ఎండ పొడ తగిలేదాకా వాయిదా వేయడం మేలు. ఏటవాలు ఎండలో ప్రతి గీతకూ సన్నటి నీడ పడి ముగ్గు నేలమీంచి లేచినట్టుంటుంది. పూర్తి ముగ్గును పైనుంచి తీసేటప్పుడు ఫోను కొంచెం వంగినా చుక్కల వరుసలు ఒకవైపు కుంచించుకుపోతాయి. అరుగెక్కి, ఫోనును నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. మన నీడ ముగ్గుమీద పడే వైపు నిలబడకూడదు. ముగ్గు తొక్కకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం, అయినా చెప్పాల్సి వచ్చింది.

టీకొట్టు దగ్గర ఒక్కటే కిటుకు. ఆవిరి కనబడాలంటే వెలుగు గ్లాసు వెనకనుంచి రావాలి, దాని వెనక చీకటి ఉండాలి. తెల్లగోడ ముందు టీ ఎంత మరిగినా ఆవిరి గోడలో కలిసిపోతుంది.

ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. 1839లో ఆ రోజున ఫ్రాన్సు ప్రభుత్వం ఆ దేశపు కళాకారుడు దాగెర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని అందరూ వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ సందర్భంగా సభలో దాగెర్ 1838లో తీసిన పారిస్ వీధి చిత్రాన్ని చూపించాం. బళ్లతో, జనంతో రద్దీగా ఉండే వీధి అది, చిత్రంలో మాత్రం దాదాపు నిర్మానుష్యం. వెలుగు పడనివ్వడానికి కొన్ని నిమిషాలు పట్టడంతో కదిలినవాళ్లెవరూ పలకమీద నిలవలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఆగిన మనిషి మిగిలాడు. దాన్నే అభ్యాసంగా తీసుకుని, పొద్దుగూకిన కాసేపటికి కూరగాయల బజారులో ఐఎస్‌వో 100, ఎఫ్ 11 (లెన్సు రంధ్రం చిన్నగా), షట్టరు పావు సెకను పెట్టి తీయమన్నాం. జనం చారల్లా పారుతుంటే గంప దగ్గర కదలకుండా కూర్చున్న మనిషి స్పష్టంగా నిలవాలి. ట్రైపాడ్ ఉన్నా ఫొటోలు అదిరినవారికి కారణం వేలే. బటన్ నొక్కిన కుదుపు పోయేలా 2 సెకన్ల టైమర్ పెట్టాలి. మామూలు వేగంతో తీసినవారికి ఎల్‌ఈడీ బల్బుల కింద అడ్డచారలు వచ్చాయి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది (50 హెర్ట్జ్), చాలా చవక బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టరును 1/50 లేదా 1/100 దగ్గర ఉంచితే చారలు పోతాయి.

కార్తీకంలో దీపాలు వదిలేటప్పుడు ఫ్లాష్, ఫోనులోని నైట్ మోడ్ రెండూ ఆపాలి. ఫ్లాష్ దీపపు వెలుగును చంపేస్తుంది. నైట్ మోడ్ వరసగా కొన్ని ఫొటోలు తీసి కలుపుతుంది, ఈలోగా అరటిదొప్ప నీటిలో జరుగుతుంది, ఒక ఒత్తికి రెండు మంటలొస్తాయి.

ఇక ప్రదర్శన సంగతి. పొరపాటు కార్యవర్గానిదే కాబట్టి దాచడం లేదు. ప్రింట్లన్నీ 12×18 అంగుళాలకు ఆర్డరిచ్చాం. ఫోను ఫొటో చాలావరకు 4000×3000 పిక్సెళ్లుంటుంది, దాని నిష్పత్తి 4:3. 12×18కి సరిపడాలంటే 3000 వరుసల్లో పైనా కిందా కలిపి 333 వరుసలు కోతపడతాయి. నెత్తిమీది గంపలు, కాళ్ల పట్టీలు పోయింది అందుకే. 12×16 అయితే ఒక్క పిక్సెల్ పోకుండా సరిగ్గా అంగుళానికి 250 చొప్పున వస్తాయి. వచ్చే ఏడాది అదే సైజు. మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటోలకు పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లే మిగులుతాయి, అంటే 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి సుమారు 89. గోడమీద మసకగా కనబడినవి అవే. ఫొటోను డాక్యుమెంటుగా పంపండి. తెర వెలుగు పూర్తిగా పెంచుకుని దిద్దినవి ప్రింటులో చీకటిగా వచ్చాయి కాబట్టి దిద్దేటప్పుడు తెరను సగానికి తగ్గించుకోవాలి. ట్యూబులైట్ల కింద గ్లాసీ కాగితం అద్దంలా మెరిసింది, ఇకపై మ్యాట్ మాత్రమే. ఫొటో మధ్యభాగం నేలకు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా తగిలించడం బాగా కుదిరింది, దాన్ని మార్చం.

వానాకాలం సంఘం లెన్సుల్లో రెండింటికి బూజు పట్టింది. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే మన ఉక్కకు పట్టక మానదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉండాలి. మీటరు 40, 50 శాతం మధ్య ఆడాలి. నారింజరంగు గింజలు పచ్చబడ్డాయంటే తేమ పీల్చేశాయని అర్థం, సన్నసెగమీద ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి. వంటగిన్నెలు మాత్రం దానికి వాడొద్దు.

రేవులో స్నానాలు చేసేవారిని, పిండప్రదానాలు చేయించుకునేవారిని తీయకూడదన్న తీర్మానం అలాగే ఉంది. మిగతాచోట్ల ముందు అడగండి. ఒకసారి తీసినవారికి చిన్న ప్రింటు తీసుకెళ్లి ఇస్తే రెండోసారి అడగకముందే పలకరిస్తారు. బజారు నడకల్లో ఇది చాలామంది గమనించే ఉంటారు.

అరువు తీసుకున్న ట్రైపాడ్లు సర్వసభ్య సమావేశానికి తిరిగి తెచ్చివ్వగలరు. తెచ్చేముందు కాళ్ల మరలు విప్పి, లోపలి గోదావరి ఇసుకను పొడిబట్టతో తుడవండి. నూనె మాత్రం వేయకండి, ఇసుక ఇంకా గట్టిగా అంటుకుంటుంది.

ఇట్లు,
కార్యవర్గం