పిల్లల మందు దుష్ప్రభావాలు ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

తరగతిలో కుదురుగా కూర్చోలేని, దేని మీదా మనసు నిలపలేని పిల్లలకు ఏడీహెచ్‌డీ అని నిర్ధారించి మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు రాస్తుంటారు. ఆ మందు పిల్లల మనసు మీద చూపగల ప్రభావాల గురించి పెద్దవాళ్లకు ఒక్క మాటైనా చెప్పకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అనుభవమైంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చిత్తూరు జిల్లా బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరై, ఇప్పుడు తిరుపతిలో కొడుకు దగ్గర ఉంటున్నాను.

మా మనవడికి తొమ్మిదేళ్లు. నిరుడు బడి తెరిచాక పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున మాత్రలు మొదలుపెట్టారు. వారం తిరక్కముందే బడి నుంచి మంచి మాట వచ్చింది: నోట్సు పూర్తిగా రాస్తున్నాడు, పక్కవాణ్ణి గిల్లడం లేదు అన్నారు. ఇంట్లో మాత్రం, ఇడ్లీ తుంచుతూ వంద ప్రశ్నలు వేసే పిల్లవాడు గోడకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. డబ్బాలో అన్నం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. సాయంత్రం నాలుగున్నరకు బ్యాగు దించింది మొదలు, పెన్సిల్ ముల్లు విరిగినా వెక్కి వెక్కి ఏడ్చేవాడు. త్వరగా పనిచేసే రకం మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలే ఉంటుందనీ, అది దిగిపోయే వేళకు కొందరు పిల్లల్లో చిరాకూ ఏడుపూ పెరుగుతాయనీ మాకు ఎవరూ చెప్పలేదు.

మూడో వారంలో ఒక రాత్రి లేచి కూర్చుని, “తాతా, చేతుల మీద చీమలు పాకతా ఉండాయి” అన్నాడు. దుప్పటి దులిపాము, పరుపు తిరగేశాము, వాళ్ల అవ్వ గోడ వారంతా పసుపు చల్లింది. మరునాడూ అదే మాట. లైటు వేసి చూస్తే వాడు గోళ్లతో గీరుకున్న ఎర్రటి చారలే తప్ప ఒక్క చీమా లేదు. దిష్టి కూడా తీశాము. మందు రాసిన చోటికి ఫోను చేస్తే, నెల పూర్తయ్యాక తీసుకురమ్మన్నారు. చివరికి మరో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్తే, ఆమె మొదట అడిగింది మాత్ర ఎప్పుడు మొదలైంది, చీమలు ఎప్పుడు మొదలయ్యాయి అని. మాత్ర ఆపించారు. మూడో రాత్రికి వాడు హాయిగా నిద్రపోయాడు.

ఇది మా పిల్లవాడికే వచ్చిన వింత కాదని ఆమె చెప్పాకే తెలిసింది. మెదడులో డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు ఎక్కువసేపు నిలిచేలా చేసి ఈ మందు ఏకాగ్రత పెంచుతుంది. అరుదుగా కొందరిలో అదే మార్పు లేనివి ఉన్నట్టు తోచేలా చేస్తుంది. చిన్నపిల్లలకైతే పురుగులు, పాములు కనబడటం, ఒంటి మీద పాకినట్టు అనిపించడం వైద్యులు నమోదు చేసిన లక్షణాలే. గొంతులు వినబడటం, ఊరికే అనుమానపడటం వంటివి మునుపు ఏ మానసిక సమస్యా లేనివారిలో కూడా సుమారు 1,000 మందిలో ఒకరికి రావచ్చనీ, ఆ సంగతి రోగులకిచ్చే పత్రంలో ఉండాలనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే ఆదేశించింది. వెయ్యిలో ఒకరే కదా అనవచ్చు. ఆ ఒక్కరి ఇంట్లో ఐదు రాత్రులు పసుపు చల్లుకుంటూ కూర్చున్నవాళ్లం మేము.

ఈ మందుతో చక్కగా చదువుకుంటున్న పిల్లలు ఎందరో ఉన్నారు. నా ఉత్తరం చూసి ఎవరూ సొంతంగా మాత్ర మానిపించవద్దు, వెంటనే వైద్యుణ్ణి అడగండి. మిథైల్‌ఫెనిడేట్ మెదడును చురుకుపరిచే ఉత్తేజకం; మా వాడికి ఇప్పుడు ఉత్తేజకం కాని వేరే మందు వాడుతున్నాము. దానికీ మనసుకు సంబంధించిన హెచ్చరికలు ఉన్నాయి, కానీ ఈసారి వాటిని వైద్యురాలే మా కోడలి చేత తెలుగులో రాయించారు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

నా తోటి ఉపాధ్యాయులకు ఒక మాట చెప్పాలి. అల్లరి తగ్గితే మందు పనిచేసినట్టేనని నేనూ అనుకున్నాను. పిల్లవాడు నిశ్శబ్దమైతే మనకు పాఠం సాఫీగా సాగుతుంది, వాడికి ఏం సాగుతోందో సాయంత్రం ఇంట్లో అడిగితే గానీ తెలియదు. మోతాదు పెంచాలా వద్దా అన్నది బడి ఇచ్చే మెప్పును బట్టి తేల్చకూడదు.

మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందు. అమ్మకానికి అంత కట్టడి ఉన్నప్పుడు, చేతిలో పెట్టేటప్పుడు రెండు నిమిషాలు వివరించడం భారమా? పెట్టెలో వచ్చే పత్రం ఇంగ్లీషులో, భూతద్దం పెట్టినా చదవలేనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది; స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేచోట అదీ దక్కదు. రుయా ఆస్పత్రి, ఎస్వీ వైద్య కళాశాల మానసిక వైద్య విభాగం పెద్దలు ఒక పేజీ తెలుగు కరపత్రం తయారుచేసి, ప్రైవేటు క్లినిక్కులకు కూడా అందేలా చూడాలని కోరుతున్నాను. రాత్రివేళ ఎవరిని అడగాలో తెలియని మాలాంటివాళ్ల కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆకలి, నిద్ర, ఏడుపు గురించి రాసిన చోటే చీమల సంగతి కూడా ఒక వరుస రాయాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తిరుపతి