మన రాకెట్ ముక్కలు మన శిల్పుల చేతికివ్వండి

సంపాదకుల వారికి,

సూళ్లూరుపేటలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడల్లా మా క్లాసు కిటికీ రెక్కలు గడగడలాడేవి. పిల్లలు మేడెక్కి చూసొచ్చి, ఆ పూట ఏ బొమ్మ వెయ్యమన్నా నిప్పుతోక రాకెట్టే వేసేవాళ్లు. పైకి వెళ్లేదాన్ని అందరం చూస్తాం. సముద్రంలో పడిపోయేవాటి గురించి 2023 జులై దాకా నేనూ ఆలోచించలేదు.

ఆ నెలలో పశ్చిమ ఆస్ట్రేలియాలో, పెర్త్‌కు ఉత్తరాన 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రీన్ హెడ్ తీరానికి మనిషి కంటే ఎత్తైన పీపా లాంటిదొకటి కొట్టుకొచ్చింది. అది మన పీఎస్ఎల్వీ రాకెట్ మూడో దశ భాగమని తేలింది. పేపర్లో వచ్చిన ఆ ఫొటో కత్తిరించి ఇప్పటికీ దాచుకున్నాను. రాగి రంగు ఒళ్లు, దాని మీద పడవ అడుగున పట్టినట్టు గుత్తులు గుత్తులుగా పట్టిన సముద్రపు గుల్లలు. ఆ మూడో దశ మోటారు తొడుగు ఇనుముది కాదు, కెవ్లార్ అనే గట్టి నారతో చేసింది. ఆ సంగతి తెలిశాక ఫొటో చూస్తుంటే మా వెంకటగిరి మగ్గాలే గుర్తొచ్చాయి. నిప్పూ ఉప్పునీళ్లూ కలిసి దిద్దిన ఆ రంగు నా పెట్టెలో ఏ సీసాలోనూ లేదు.

క్లాసులో చూపిస్తే ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: "సార్, మనదే కదా, మనమెందుకు తెచ్చుకోలేదు?" నాకు జవాబు దొరకలేదు. దాన్ని అమెరికా వాళ్ల పాత అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ శకలాల పక్కన తమ మ్యూజియంలో పెట్టుకోవచ్చని అక్కడి ప్రీమియరే, అంటే మన ముఖ్యమంత్రి లాంటాయనే అన్నారు.

స్కైలాబ్ అంటే మా తరానికి వేరే చెప్పక్కర్లేదు. 1979లో అది కూలిపోతుందన్నప్పుడు నేను ఇంటర్లో చేరాను. మన నెత్తినే పడుతుంది, ఎటూ పోయేవాళ్లమే కదా అని మా నాయనమ్మ పెట్టల్ని కూడా మిగల్చకుండా కోళ్లన్నీ కోయించింది. చివరికి ఆ ముక్కలు ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ చుట్టుపక్కల పడ్డాయి. ఆ ఊరివాళ్లు చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసి, ముక్కల్ని మాత్రం మ్యూజియంలో భద్రంగా దాచుకున్నారు.

ఇస్రో వారికి నా విన్నపం ఒక్కటే. మన తీరానికి కొట్టుకొచ్చినవీ, పరీక్షలయ్యాక పక్కన పడేసినవీ శాస్త్రవేత్తలు చూసి ప్రమాదం లేదని తేల్చాక, కొన్నైనా మన శిల్పులకు ఇవ్వండి. తెనాలిలో పాత నట్లతో, ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేసే కుటుంబం ఉంది. వాళ్ల చేతిలో రాకెట్ తొడుగు పెడితే ఏం పుట్టుకొస్తుందో చూడాలని నాకు ఎంత ఆశో! స్పేస్ షటిళ్లను ఆపేసే ముందు, 2010లో నాసా వాటి వేడిని ఆపే పలకల్ని తపాలా ఖర్చు 23 డాలర్ల 40 సెంట్లు తీసుకుని అమెరికా బడులకు పంపింది. మన బడులకూ అలా ఒక్కో ముక్క ఇవ్వొచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వాటిని గీకి బంగారు రంగు పూయొద్దు. మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన అపోలో రాకెట్ల ఇంజన్లు 2013లో అట్లాంటిక్ అడుగున 14 వేల అడుగుల లోతు నుంచి తీస్తే, ఉప్పూ తుప్పూ ఆపారే తప్ప నలిగిన లోహాన్ని సాపు చెయ్యలేదు. సియాటిల్ మ్యూజియంలో ఆ సొట్టలతోనే ఉన్నాయి.

మొదటిది మా సూళ్లూరుపేట బస్టాండు ముందే పెట్టండి. అద్దాల పెట్టెలో కాదు, బడికెళ్లే పిల్లల చేతికి అందే ఎత్తులో.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
సూళ్లూరుపేట