డ్రైవింగ్ స్కూల్ మేనేజర్‌కి ఫిర్యాదు: సగం శిక్షణ, రసీదు లేని వసూళ్లు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,
మధురవాడ బ్రాంచి

విషయం: కారు ప్యాకేజీకి కట్టిన డబ్బుకి తగ్గట్టు నేర్పకపోవడం, లైసెన్సు పేరుతో అదనంగా వసూలు చేయడం.

అయ్యా,

మీ 15 రోజుల ప్యాకేజీకి 6,500 రూపాయలు కట్టి చేరాను. డ్యూటీకి వెళ్లే ఆటో ఖర్చు కలిసొస్తుందని చీటీ పాడుకున్న డబ్బులోంచి తీసి కట్టాను. “లైసెన్సు దాకా అన్నీ ఇందులోనే మేడమ్” అన్నారు కౌంటర్‌లో. మీ పాంప్లెట్ మీదా అదే ఉంది, దాన్ని దాచుకున్నాను.

రోజుకి అరగంట క్లాసు, కారులో ముగ్గురం. ఒకరిని ఎక్కించుకోవడం, ఇంకొకరిని కొమ్మాదిలో దింపడం కూడా మా టైములోనే. స్టీరింగ్ నా చేతికొచ్చేది పది నిమిషాలుంటే గొప్ప. అప్పుడైనా ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు మాస్టారి కాలు ఆయన వైపు క్లచ్ మీదే ఉండేది. మొన్న ఎల్ బోర్డు పెట్టి, మా మరిది పక్కన కూర్చోగా, అదే ఎత్తులో ఆపిన కారుని కదిలించబోయాను. బండి వెనక్కి జారి ఇంజిన్ ఆగిపోయింది. వెనకున్న లారీవాడు హారన్ మీద చెయ్యి తీస్తే ఒట్టు. ఎత్తులో బండి వెనక్కి జారకుండా క్లచ్ సగమే వదిలి కదిలించే హాఫ్ క్లచ్ నాకెవరూ నేర్పలేదు. ఎటు వెళ్లినా ఎత్తుపల్లాలే ఉన్న ఈ ఊళ్లో అది నేర్పకపోతే ఇంకేం నేర్పినట్టు? మాస్టారిని అనడం లేదు, ఆయన ఓపికమంతుడు. ఒక్క కారులో ముగ్గురిని కుక్కింది మీరు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం సొంత కారు నడపడానికి ఇచ్చే శిక్షణ 21 రోజులకు, నేర్చుకునేవారు నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. మీ ప్యాకేజీ అక్కడే తప్పింది. ఎవరు ఎన్ని గంటలు నడిపారో రాసే ఫారం 15 రిజిస్టరు చూపించమంటే “ఆఫీసులో ఉంది” అన్నారు. నేను అడిగిందీ ఆఫీసులోనే.

ఇక లైసెన్సు. ఎల్‌ఎల్‌ఆర్‌ (లెర్నర్ లైసెన్సు) కోసమని 1,500 విడిగా తీసుకున్నారు, రసీదు లేదు. టెస్టుకి, కార్డుకి మరో 3,000 అడుగుతున్నారు. 2016 డిసెంబరులో సవరించిన కేంద్ర ఫీజుల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కి 150, ఆ పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200. రాష్ట్రం సర్వీసు చార్జీలు కలుపుకున్నా మీ లెక్కకి పొంతన లేదు. ప్రభుత్వ సారథి సైట్‌లో టెస్టు స్లాట్ నేనే బుక్ చేసుకుంటానంటే “అయితే టెస్టుకి కారు ఇవ్వం” అన్నారు. అందుకే ఆ 3,000 కట్టలేదు, కట్టను కూడా.

మిగిలిన గంటలు, కారులో నేనొక్కదాన్నే ఉండేలా, ఎత్తు మీద ఆపి కదిలించడంతో సహా నేర్పించండి. కుదరకపోతే ఆ మేరకు డబ్బు వాపసు ఇవ్వండి. 1,500లో అసలు ఫీజు పోగా మిగిలింది కూడా తిరిగివ్వాలి. రిజిస్టరులో నా పేజీ కాపీ కావాలి. పాంప్లెట్‌లో రాసినట్టే టెస్టుకి కారు ఇవ్వాలి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయానికి ఈ లేఖ కాపీతో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ ఉదయం బ్యాచి అభ్యర్థిని

జతపరిచినవి: ప్యాకేజీ రసీదు, పాంప్లెట్ కాపీలు