స్తంభాల మీద ఆవిరి బండ్లు: ఈ ఏటి అధ్యయనంపై సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన రైల్వే చరిత్ర అభిమానుల సంఘం ఈ ఏడాదంతా ఒకే విషయం మీద పని చేసింది. నగర వీధుల మీదుగా ఇనుప స్తంభాలపై తొలినాళ్లలో నడిచిన రైళ్లు, వాటిని లాగిన ఆవిరి ఇంజన్లు. ఇంజను ఫొటోలు, తయారీ నంబర్లు పోగేసుకుంటూ కూర్చోకుండా, స్తంభం ఎంత బరువు మోయగలదు అనే ప్రశ్నతో మొదలుపెట్టాం. ఇంజను ఆకారం, బొగ్గు రకం, బ్రేకు, చివరికి ఆవిరి ఎందుకు పోయిందన్నది కూడా ఆ ప్రశ్నతోనే విడిపోయాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఇందులో ఉన్నది అధ్యయనం సంగతులు మాత్రమే.

నేలకు ఎత్తుగా నగర రైలు వేయడం అమెరికాలో పుట్టిన ఆలోచన కాదు. లండన్-గ్రీనిచ్ రైలుమార్గం 1836లోనే 878 ఇటుక కమానుల మీద నడిచింది. బెర్లిన్ నగర రైలుమార్గం 1882 ఫిబ్రవరి 7న మొదలైంది. అదీ 731 కమానుల కట్టడమే. ఆ కట్టడాలకు ఇంజను బరువు పెద్ద సమస్య కాదు, అంత ఇటుక కింద ఉంటే మామూలు ట్యాంకు ఇంజన్లే (నీళ్లను తమ మీదే మోసుకెళ్లేవి) హాయిగా నడుస్తాయి. కానీ కమానుల వరుసకు సొంత స్థలం కావాలి, అంటే ఇళ్లు కొనాలి, కూల్చాలి. న్యూయార్క్‌లో దారి పట్టింది వీధి మీదుగానే. కింద గుర్రపు బళ్లు నడవాలి, పైన రైలు నడవాలి. కాబట్టి సన్నని ఇనుప స్తంభాలు తప్పలేదు. కష్టమంతా అక్కడే మొదలైంది.

తాడుతో మొదలు

ఛార్లెస్ హార్వే న్యూయార్క్ గ్రీనిచ్ వీధిలో ఒంటి వరుస స్తంభాల మీద ఒకే పట్టాల జత వేసి 1867 డిసెంబరులో దాని మీద ప్రయాణించి చూపించాడు. 1868 జూలైకి అది అర మైలు దాకా సాగింది. పైన ఇంజను లేదు. ఆవిరి యంత్రం వీధి కింది గదిలో ఉండి ఉక్కు తాడును లాగేది. తాడుకు అక్కడక్కడ బిగించిన దిమ్మలను పెట్టె అడుగున ఉన్న కొక్కెం పట్టుకునేది. స్తంభానికి బరువు తగ్గించే ఉపాయంగా ఇది తెలివైనదే. కానీ తాడు బిగుసుకున్నా, కింద యంత్రం మొరాయించినా పెట్టె వీధి మధ్యన గాలిలో నిలబడిపోవాల్సిందే. ఒక్క లోపంతో మార్గమంతా ఆగిపోతుంది. కంపెనీ నిలవలేదు.

1871లో చేతులు మారాక అదే మార్గం మీద చిన్న ఆవిరి ఇంజన్లు వచ్చాయి. చుట్టూ చెక్క గోడలు, కిటికీలు పెట్టి, చూడటానికి ప్రయాణికుల పెట్టెలా చేసేవారు. కింది గుర్రాలు బెదరకూడదని ఈ ఏర్పాటు. 'డమ్మీ' అన్న పేరు అలా వచ్చిందే.

ఫోర్నీ ఇంజను: బరువు ఎక్కడ పెట్టాలి?

1878లో ఆరో అవెన్యూ మార్గం జూన్ 5న, మూడో అవెన్యూ మార్గం ఆగస్టు 26న మొదలయ్యాయి. రద్దీ ఒక్కసారిగా పెరిగింది. అప్పటికి అమెరికన్ ఇంజనీరు మథియాస్ ఫోర్నీ 1860లలో గీసిపెట్టిన నమూనా చేతికి అందింది. తర్వాతి పాతికేళ్లలో న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ మార్గాల మీద 300కు పైగా ఆవిరి ఇంజన్లు పనిచేశాయి. అందులో ఎక్కువ భాగం ఈ రకమే.

చక్రాల అమరిక 0-4-4. ముందు చిన్న చక్రాలు లేవు. బాయిలర్ కింద నాలుగు డ్రైవింగ్ చక్రాలు (ఆవిరి బలంతో తిరిగి బండిని లాగేవి), వెనక నీళ్ల ట్యాంకు, బొగ్గు తొట్టి కింద నాలుగు చక్రాల బోగీ. ఇక్కడ బోగీ అంటే ప్రయాణికుల పెట్టె కాదు, మలుపుల్లో విడిగా తిరిగే చక్రాల చట్రం. అసలు నైపుణ్యం ఈ పంపకంలోనే ఉంది. మామూలు ట్యాంకు ఇంజనులో నీళ్లు బాయిలర్ పక్కన ఉంటాయి, డ్రైవింగ్ చక్రాలను నొక్కి పెడతాయి. నీళ్లు అయిపోతున్న కొద్దీ ఆ నొక్కుడు తగ్గి చక్రాలు జారతాయి. 500 అమెరికన్ గ్యాలన్ల నీరు అనుకుంటే అదే సుమారు 1,900 కిలోలు. ఫోర్నీ ఆ మారే బరువునంతా బోగీ మీదికి నెట్టేశాడు. డ్రైవింగ్ చక్రాల మీద మారని బరువు మాత్రమే మిగిలింది. బండి బయల్దేరినప్పుడు ఎంత పట్టు ఉందో, ట్యాంకు అడుగంటినప్పుడూ అంతే పట్టు. కొన్ని వీధుల కొకసారి ఆగి మళ్లీ బయల్దేరాల్సిన బండికి ఇదే ప్రాణం.

అధ్యయన తరగతిలో వేసిన లెక్క ఇదీ. 11 అంగుళాల వ్యాసం, 16 అంగుళాల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) ఉన్న సిలిండర్లు, 42 అంగుళాల చక్రాలు, బాయిలర్‌లో చదరపు అంగుళానికి 130 పౌండ్ల పీడనం అనుకున్నాం. 0.85 × 130 × 11 × 11 × 16 ÷ 42 చేస్తే సుమారు 5,090 పౌండ్ల లాగుడు శక్తి వస్తుంది. డ్రైవింగ్ చక్రాల మీద 30,000 పౌండ్లు ఉంటే ఆ బరువుకూ లాగుడుకూ నిష్పత్తి 6కు దగ్గర. 4 దాటితే పొడి పట్టాల మీద చక్రం జారదని మామూలు లెక్క. తడి పట్టాల మీద, నూనె మరకల మీద పట్టు బాగా పడిపోతుంది. 6 ఉంటే ఆ రోజుల్లోనూ బండి కదులుతుంది. చక్రం జారకుండా పట్టాల మీద ఇసుక చల్లే గొట్టం ఉన్నా, పైనుంచి ఇసుక కింది జనం మీద పడుతుంది కాబట్టి నిష్పత్తిని ముందే ఎక్కువ పెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం.

రెండో గొప్పతనం మలుపుల్లో. మన్‌హట్టన్ దక్షిణ కొసన వీధులు ఇరుకు, వాటి మూలల్లో మలుపు వ్యాసార్ధం 90 అడుగులకు దిగేది. డ్రైవింగ్ చక్రాలను ఇరుపక్కలా మీటలతో కలిపారు కాబట్టి అవి రెండు ఆనుకునే చోట్లు, బోగీ మధ్య ఇరుసు మూడోది. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద పెట్టినా ఊగదు. ఇంజను కూడా అంతే, పట్టాలు కొద్దిగా కుంగినా నాలుగు చక్రాలూ ఆని ఉంటాయి. తొట్టి ముందుగా నడిస్తే బోగీ మలుపును ముందే పట్టుకుని ఇంజనును తిప్పుతుంది, పొగ వెనక్కి పోతుంది, డ్రైవరుకు దారి తేటగా కనిపిస్తుంది. ఫోర్నీ కోరుకున్న నడక అదే. పాత ఫొటోల్లో ఇంజను 'వెనక్కి' పోతున్నట్టు కనిపిస్తే పొరపాటు పడవద్దు.

బొగ్గు, బూడిద, బ్రేకు

ఈ ఇంజన్లలో వాడింది ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు. మన సింగరేణి బొగ్గు ఈ జాతి కాదు, దానిలో మండే వాయువు పాలు ఎక్కువ కాబట్టి పొగ ఎక్కువ. ఆంత్రసైట్‌లో స్థిర కార్బన్ 86 శాతం పైనే, పొగ చాలా తక్కువ. కిటికీలకు అంత దగ్గరగా పోయే బండికి మరో దారి లేదు. కానీ అది ఆలస్యంగా అంటుకుంటుంది, పొట్టి మంటతో కాలుతుంది, బలమైన గాలి లాగుడు కావాలి. ఫైర్‌మన్ దాన్ని మాటిమాటికీ కెలక్కూడదు. కెలికితే ముక్కలు నలిగి, కాలకుండానే బూడిద తొట్టిలో పడతాయి.

ఆ తొట్టిలోంచి జారిన నిప్పు కణికలు, సిలిండర్ల నుంచి కారే వేడినీళ్లు, నూనె చుక్కలు తిన్నగా వీధిలో పడేవి, ఎందుకంటే పైన స్లీపర్ల మధ్య అంతా ఖాళీ. ఇంజను అడుగున రేకు పళ్లేలు బిగించినా ఫిర్యాదులు ఆగలేదు. పట్టాల కింద కంకర పరిస్తే ఇది తప్పేది, కానీ ఆ కంకర బరువును స్తంభాలు మోయలేవు. స్లీపర్లను నేరుగా గర్డర్లకు (ఇనుప దూలాలకు) బిగించి, పట్టాల పక్కన బరువైన కాపుదూలాలు పెట్టారు. చక్రం పట్టా తప్పినా బండి వీధిలోకి దొర్లకుండా అవి అడ్డుకోవాలి.

బ్రేకు ఈమ్స్ వాక్యూమ్ బ్రేకు. మన పాత రైల్వే సిబ్బందికి వాక్యూమ్ బ్రేకు కొత్త కాదు, కాబట్టి తేడా స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో వాడినది ఆటోమేటిక్ రకం. గొట్టంలో శూన్యం ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, గాలి చొరబడితే పడుతుంది. ఈమ్స్ నేరు పద్ధతి దీనికి తలకిందులు. ఎజెక్టర్‌తో (ఆవిరి చిమ్మి గాలిని లాగేసే పరికరం) శూన్యం తెస్తేనే బ్రేకు పడుతుంది. పంపు లేదు, కదిలే భాగాలు తక్కువ, త్వరగా పట్టి త్వరగా వదిలేస్తుంది, అడుగడుగునా స్టేషన్ ఉన్న మార్గానికి సరిపోతుంది. గొట్టం చిరిగినా, బండి మధ్యలో తెగినా మాత్రం వెనక పెట్టెలకు బ్రేకు ఉండదు.

నమూనా తయారు చేసే సభ్యులకు

1:87 స్కేల్‌లో 16.5 మిల్లీమీటర్ల పట్టాలు అసలు కొలతకు సరిగ్గా కుదురుతాయి. 1:48లో దొరికే 32 మిల్లీమీటర్ల పట్టాలు ఐదడుగుల వెడల్పును చూపిస్తాయి, అసలు 4 అడుగుల 8½ అంగుళాలే. 90 అడుగుల మలుపు 1:87లో 315 మిల్లీమీటర్లు. బొమ్మ రైళ్ల సెట్లలో మామూలుగా వచ్చే మలుపు 457 మిల్లీమీటర్లు. అసలు మలుపు బొమ్మ మలుపు కంటే ఇరుకైనదన్నమాట. ఇది గమనించకుండా 'నిజంలా కనిపించాలి' అని మలుపును వెడల్పు చేయవద్దు.

ఫోర్నీ నమూనాలో మోటారును తొట్టిలో పెడితే బరువు వెనక్కి జరిగి డ్రైవింగ్ చక్రాలు ఊరికే తిరుగుతాయి. ఇంజనును పెన్సిలు మీద అడ్డంగా నిలబెట్టి తూకం చూడండి. సమంగా నిలిచే చోటు రెండు డ్రైవింగ్ ఇరుసుల మధ్య పడాలి. పడకపోతే బాయిలర్ ముందు భాగంలో సీసం నింపండి. బోగీ స్ప్రింగు గట్టిగా ఉంటే డ్రైవింగ్ చక్రాలను పైకెత్తుతుంది, అసలు లేకపోతే మలుపులో బోగీ పట్టా ఎక్కేస్తుంది. కరెంటును బోగీ చక్రాల నుంచి కూడా తీసుకోవాలి. నాలుగు చక్రాలు చాలవు, పట్టాల అతుకుల దగ్గర ఆగుతుంది.

ఆవిరి ఎందుకు పోయింది

పొగ, బూడిద వల్ల మాత్రమే పోయిందని మన పాత సంచికల్లో రాశాం. అది సగమే నిజం, సరిదిద్దుకుంటున్నాం. బండి పొడవు పెంచాలంటే ఇంజను బరువు పెరగాలి. ఇంజను బరువు పెరిగితే స్తంభం తట్టుకోదు. ఆ ముడి విప్పింది అమెరికన్ విద్యుత్ ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్. షికాగో దక్షిణ భాగపు ఎత్తు రైలుమార్గం 1892 జూన్ 6న ఫోర్నీ ఇంజన్లతోనే మొదలై, 1898 నాటికి స్ప్రేగ్ పద్ధతిలో విద్యుత్తుకు మారింది. పెట్టెపెట్టెకూ మోటార్లు, అన్నిటినీ ముందు పెట్టె నుంచి ఒక్క మనిషే నడుపుతాడు. బరువు, లాగుడు రెండూ బండి పొడవునా పంచుకుపోయాయి, ఏ ఒక్క గర్డరు మీదా పోగుపడలేదు. మన్‌హట్టన్‌లో 1903కు ఆవిరి ముగిసింది. 2017 నవంబరు నుంచి అమీర్‌పేట మీదుగా తిరుగుతున్న మన హైదరాబాద్ మెట్రోలోనూ విడిగా ఇంజను కనిపించదు. మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి.

ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు వెంట స్తంభాల మీద వేసిన ఓవర్‌హెడ్ మార్గం 1893లో మొదటి రోజు నుంచే విద్యుత్తుతో నడిచింది. రేవులో సరుకు మీద నిప్పురవ్వలు పడకూడదని. అయినా దాని కిందే తిరిగిన రేవు ఆవిరి ఇంజన్ల పొగ ఇనుప పలకలను తినేసింది. 1956 చివర్లో మార్గం మూతపడింది.

అమ్ముడుపోయిన మన్‌హట్టన్ ఇంజన్లలో మూడు 1903లో అలాస్కా చేరి, నోమ్‌కు తూర్పున సోలమన్ దగ్గర బంగారు గనుల మార్గంలో పనిచేశాయి. ఆ మార్గం 1907లో నిలిచిపోయింది. ఇంజన్లు ఇప్పటికీ అక్కడి చిత్తడి నేలలో తుప్పుపట్టి నిలబడి ఉన్నాయి. ఆ అవశేషాల ఫొటోల్లో ఇరుసుల నడిమి దూరాలు కొలిచి, 1:48లో పూర్తి గీతలు తయారు చేయడం వచ్చే ఏడాది మొదటి పని. గీతలు గీయగలిగిన సభ్యులు సర్వసభ్య సమావేశంలో పేర్లు ఇవ్వగలరు.