‘జానపదం’ అని రాసి ఊరుకుంటే ఎలా?

సంపాదకుడు గారికి,

పల్లె పాటలు సినిమాల్లోకి, యూట్యూబ్‌లోకి వస్తున్నందుకు సంతోషమే. కానీ చాలా పాటల కింద ‘రచన: జానపదం’ అన్న ఒక్క మాటే కనిపిస్తోంది. ఎవరి నోటి నుంచి సేకరించారో ఉండదు. ‘డౌన్ ఫ్రమ్ ద మౌంటెన్’ అనే అమెరికన్ డాక్యుమెంటరీ చూశాక ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

2000 మే 24న నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో జరిగిన కచేరీని అందులో చిత్రించారు. ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమాకు పాడిన జానపద, బ్లూగ్రాస్ (కొండ ప్రాంతపు తీగవాద్యాల పల్లె సంగీతం), గాస్పెల్ (క్రైస్తవ భక్తిగీతాలు) గాయకులు ఒకే వేదిక మీద కలిశారు. కచేరీని నడిపించిన జాన్ హార్ట్‌ఫోర్డ్ మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. అందుకే ఆయన్ని చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. చావును ఇంకో ఏడాది ఆగమని వేడుకునే పాటను వాద్యం ఏదీ లేకుండా సినిమాకు పాడిన రాల్ఫ్ స్టాన్లీకి 75 ఏళ్ల వయసులో అమెరికా సంగీత పురస్కారం గ్రామీ వచ్చింది.

ఆ సినిమా ఆల్బం 2002లో ఉత్తమ ఆల్బంగా గ్రామీ గెలిచింది. దాని మొదటి పాట మాత్రం 1959 నాటిది. మిసిసిపీ జైల్లో కట్టెలు కొడుతున్న ఖైదీలు గొడ్డలి దెబ్బల తాళానికి పాడుతుంటే జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ రికార్డు చేశారు. ముందుండి పాడిన ఖైదీ పేరు జేమ్స్ కార్టర్. ఆ పేరు రికార్డుల్లో ఉండబట్టే నలభై ఏళ్లు దాటాక వెతికి, షికాగోలో ఆయన్ని పట్టుకోగలిగారు. ఆ పాట పాడిన సంగతే ఆయనకు గుర్తులేదు. అయినా దాదాపు 20,000 డాలర్ల రాయల్టీ చెక్కు చేతికిచ్చారు, గ్రామీ వేడుకకు పిలిచారు. 2003లో ఆయన చనిపోయారు.

అక్కడ కూడా అందరికీ ఈ న్యాయం జరగలేదు. ఈ ఆల్బంలో కార్టర్ ఫ్యామిలీ అనే పాత గాయక బృందం (జేమ్స్ కార్టర్‌తో సంబంధం లేదు) ప్రసిద్ధి చేసిన పాట ఒకటుంది. ఆ కుటుంబంలోని ఎ.పి. కార్టర్ కొండ ఊళ్లలో పాటలు సేకరిస్తుంటే వెంట తిరిగి, బాణీలు గుర్తుపెట్టుకున్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. ఆయన పేరు చాలాకాలం ఎవరూ ఎత్తలేదు.

మన దగ్గర నాట్లేస్తూ పాడే ఆమె పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లేవాళ్లలో ఆమె పేరు, ఊరు రాసుకునేవాళ్లు ఎంతమంది? పాట తరతరాలదే, కాదనను. ఆ గొంతు, ఆ విరుపు, మధ్యలో తను కలిపిన చరణం ఆమెవే కదా! కాపీరైట్ చట్టం పాడినవారికి కూడా 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. అది ఆమెకు చెప్పేదెవరు?

పాట పెట్టే చానెళ్లు, సినిమా సంస్థలు ఎవరి దగ్గర విన్నారో వారి పేరు, ఊరు వేయాలి, డబ్బు ముట్టజెప్పాలి. ఆకాశవాణి కేంద్రాలు తమ దగ్గరున్న పాత జానపద రికార్డింగులలో పాడినవారి జాబితాను అందరికీ అందుబాటులో పెట్టాలి. మీ పత్రిక కూడా ఇలాంటి పాట గురించి రాసిన ప్రతిసారీ, ఎవరి దగ్గర సేకరించారని పాట పెట్టినవాళ్లను అడిగి ఆ పేరు అచ్చువేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఖమ్మం