అరకు దారిలో కెమెరా పట్టుకెళ్లేవాళ్లకు

విశాఖ నుంచి లంబసింగి, పాడేరు, వంజంగి మీదుగా అరకు వెళ్లేవాళ్లు ఒకసారి చదవండి. చలికాలంలో ఈ దారిలో ఫొటోలు పాడయ్యేది ఎక్కువగా తేమ వల్లే.

కింద తీరంలో, ఏసీ కారులో చల్లబడ్డ కెమెరాను బయటికి తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది, గాజు వేడెక్కేదాకా అంతే. సంచి జిప్ మూసి డిక్కీలో పెట్టండి. దిగడానికి అరగంట ముందే ఏసీ ఆపేయండి. కొండ మీద తెల్లవారుజామున లెన్స్ మంచుకు తడుస్తుంది. హుడ్ (లెన్స్ ముందు బిగించే తొడుగు) తగిలించండి, మైక్రోఫైబర్ గుడ్డలు రెండు ఉంచుకోండి, నోటితో మాత్రం ఊదొద్దు.

వంజంగి కొండ మీద సూర్యోదయానికి 45 నిమిషాల ముందే ట్రైపాడ్ సిద్ధంగా ఉండాలి. పైకి చీకట్లో నడవాలి కాబట్టి టార్చి తప్పనిసరి. తెల్లటి మేఘాలను కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు బూడిదరంగు అనుకుంటుంది, అందుకే ఫొటో చీకటిగా వస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకు పడే వెలుతురు) +0.7 నుంచి +1 దాకా పెంచండి. సూర్యుడు కనబడగానే తగ్గించి హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకోకుండా చూసుకోండి. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందన) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం సైజు) 8, నొక్కినప్పుడు కెమెరా కదలకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి. పొగమంచులో ఆటోఫోకస్ తడబడుతుంది, దగ్గర్లోని చెట్టు అంచు మీద మాన్యువల్‌గా పట్టండి. బ్యాటరీలు లోపలి జేబులో ఉంచండి, చలికి త్వరగా దిగిపోతాయి.

పోలరైజర్‌ను (మెరుపు తగ్గించే ఫిల్టర్) వెడల్పుగా తీసే 16 ఎంఎం లెన్స్‌కు వాడితే ఆకాశంలో ఒకపక్కే నల్లటి మచ్చ వస్తుంది. 50 ఎంఎంకు వాడండి, అరకులో ఆకుల మెరుపు తగ్గి రంగు నిండుగా దిగుతుంది.

చేలలో పసుపు రంగు వలిసె పూలు ఉంటే గట్టు మీద నుంచే తీయండి. చేలో దిగాలంటే ముందు రైతును అడగండి. అది వాళ్ల పంట.