బ్రూనో సంగతి

అంబాజీపేట

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, అల్లుడు గారు, మీ కుక్క బ్రూనో క్షేమమని తలుస్తాను.

ఫోను చేస్తే "తర్వాత మాట్లాడతాను నాన్నా" అని పెట్టేస్తున్నావు కనుక, తీరికగా చదువుకుంటావని కాగితం మీద రాస్తున్నాను. పెద్దత్తయ్య మియాపూర్ నుంచి కబుర్లు మోసుకొచ్చింది. వాటిలో సగం ఆవిడ సొంత కల్పనేనని నాకు తెలుసు. బ్రూనో ఇంట్లో మూత్రం పోస్తున్నాడనీ, వీధి తలుపు చెక్క గీరేశాడనీ, వాణ్ణి ఎవరికైనా ఇచ్చేయాలని నువ్వు అనుకుంటున్నావనీ చెప్పింది. మరొక మాట కూడా అంది కానీ, దాని సంగతి తర్వాత.

ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రిలో వెళ్లబుచ్చినవాణ్ణి కనుక నాలుగు మాటలు చెబుతాను, ఉపన్యాసం మాత్రం ఇవ్వను. చిన్నప్పటి నుంచి బయటికి వెళ్లే అలవాటున్న కుక్క ఉన్నట్టుండి ఇంట్లో పోస్తోందంటే ముందు మూత్రపరీక్ష చేయించాలి. మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్, రాళ్లు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, వీటిలో ఏదున్నా అది ఆపుకోలేదు. నీళ్లు మామూలు కంటే ఎక్కువగా తాగుతున్నాడా? మూత్రంలో ఎరుపు కనిపిస్తోందా? ఎంత ముక్కినా చుక్క రాకుండా అవస్థ పడుతుంటే మర్నాటి దాకా ఆగవద్దు, మగకుక్కకు రాయి అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది.

జబ్బు లేదని తేలితే, ఎక్కడ పోస్తున్నాడో, ఎప్పుడు పోస్తున్నాడో చూడాలి. కాలెత్తి సోఫా అంచునో గుమ్మం పక్కనో కొద్దికొద్దిగా చల్లితే అది తన హద్దు గుర్తు పెట్టుకోవడం. ఒకేచోట మడుగు కడితే కారణం వేరు. పెద్దత్తయ్య లెక్క ప్రకారం బ్రూనో పోసేది అల్లుడు గారి వైపు పరుపు మీద, అదీ నువ్వు ఆఫీసుకు వెళ్లాక, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు. అల్లుడు గారు ఇంటి నుంచే పని చేస్తారు కదా, పగలు ఇల్లు ఖాళీ ఎలా అవుతుందా అని మీ అమ్మ అడిగింది. ఏవో మీటింగులుంటాయిలే అని నేనే సర్దిచెప్పాను.

వాడు కక్ష కట్టి చేస్తున్నాడని పెద్దత్తయ్య తీర్మానం. కుక్కలకు కక్షలుండవు బుజ్జీ. ఒంటరిగా ఉండి బెదిరిపోయిన కుక్క, తనకు కావలసిన మనిషి వాసన ఎక్కడ గాఢంగా ఉంటే అక్కడికే చేరుతుంది.

అప్పట్లో మనింట్లో ఉన్న కుక్క సింగడి కథ ఆవిడ నీకు వంకరగా చెప్పి ఉంటుంది కనుక సరిగా రాస్తాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను నాటికి నువ్వు ఉయ్యాలలో ఉన్నావు. సింగడు అంతవరకు ఇంట్లో చుక్క పోసి ఎరగడు. తెల్లారగానే దొడ్లో కొబ్బరిచెట్ల వరసలోకి వెళ్లేవాడు. ఆ రాత్రి గాలికి వరసంతా కూలిపోయింది, మర్నాడు చూస్తే దొడ్డినిండా మట్టలు, మొద్దులు, బురదనీళ్లు. మేము ఎగిరిపోయిన పెంకులు ఏరుకుంటూ, తడిసిన వడ్లు ఆరబోసుకుంటూ ఉండగా వాడు పడమటింట్లో మూలన పోశాడు. మీ మామ్మ చీపురు తిరగేసింది. మళ్లీ పోస్తే ఈసారి వాడి ముక్కు దానిలో రాసింది. ఆ తర్వాత వాడు గాదె వెనక, ఎవరి కంటా పడకుండా పోయడం మొదలుపెట్టాడు. మామ్మ మాత్రం దెబ్బకు దారికొచ్చాడని ఊరంతా చెప్పుకుంది. చచ్చిపోయిన పశువుల లెక్క రాసుకోవడానికి వచ్చిన మా డాక్టరు గారు వాసన పట్టి గాదె వెనక్కి తొంగిచూసి, "అమ్మగారూ, మీ ఎదుట పోయకూడదన్నంతవరకే వీడికి అర్థమైంది" అన్నారు. ఆయన చెప్పినట్టే చిన్నబాబాయి మట్టలు లాగేసి దొడ్లో కాస్త జాగా చేశాడు. మూల తుడిచిన గుడ్డ అక్కడ పడేసి, సింగణ్ణి తాడు కట్టి తీసుకెళ్లి, పోసిందాకా నిలబడి, పోసిన మరుక్షణం ఎండుచేప తుంపు నోట్లో పెట్టేవాడు. ఎండుచేపల ఖర్చు మీద మామ్మ చేసిన రాద్ధాంతం వేరే ఉత్తరం అవుతుంది. వాడు దారికి వచ్చినా, గాలి హోరెత్తిన రాత్రి ఎవరో ఒకరు పక్కన పడుకోవలసి వచ్చేది. ఆ పడుకున్నది కూడా మామ్మే.

కనుక బ్రూనోను కొట్టవద్దు. ఇంటికి రాగానే వాడు చెవులు వాల్చి నక్కితే తప్పు తెలిసి కాదు, నీ ముఖం చూసి భయపడి. ఫినాయిల్‌తో కడిగితే వాసన మనకు పోతుంది కానీ వాడి ముక్కుకు పోదు. పెంపుడు జంతువుల దుకాణంలో ఎంజైము ద్రావణం అమ్ముతారు, అది పోసి చెప్పినంతసేపు నాననిచ్చి తుడువు. తిండి వేళకు పెట్టు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే మట్టి ఉన్న చోటికి తీసుకెళ్లు, పని కాగానే అక్కడే మెచ్చుకో. ఇంట్లో ఫోను కెమెరా పెట్టి చూడు. నువ్వు వెళ్లిన కాసేపటికే మొరగడం, తలుపు గీరడం మొదలైతే అది ఒంటరితనపు బెంగే. అప్పుడు తాళాలు చేతిలోకి తీసుకుని మళ్లీ కూర్చోవడం, బయటికి వెళ్లి నిమిషంలో తిరిగి రావడం, వాడు బెదరకుండా ఉంటే ఆ వ్యవధి మెల్లగా పెంచడం, ఇలా అలవాటు చేయాలి. బెంగ ముదిరితే డాక్టరు గారు మందు కూడా రాస్తారు.

ఇదంతా ఒక్కదానివల్ల అయ్యే పని కాదు, ఇంట్లో రెండో మనిషి ఉండాలి. పెద్దత్తయ్య అన్న మరో మాట అదే. అల్లుడు గారి చెప్పులు గుమ్మం దగ్గర లేవంది. కోప్పడటానికి అడగడం లేదు. బ్రూనో ఎప్పటి నుంచి ఇలా చేస్తున్నాడో గుర్తు చేసుకుని రాస్తే నాకు మిగతాది అర్థమవుతుంది. వాణ్ణి మాత్రం ఎవరికీ ఇవ్వకు. తప్పనిసరైతే ఇక్కడికి పంపు, లేదా వాణ్ణి తీసుకుని నువ్వే రా.

ఆదివారం బస్సుకు చిన్నబాబాయి బయలుదేరుతున్నాడు. మాగాయ, ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నాం. పూతరేకులు బ్రూనోకు పెట్టకు. ఉల్లిపాయ వేసిన కూర, ద్రాక్షపళ్లు, చాక్లెట్లు అసలే వద్దు, అవి కుక్కలకు విషం. నువ్వు వేళకు తింటున్నావా? మూత్రపరీక్ష కాగితం ఫోటో తీసి పంపు. చిన్నబాబాయి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారో, తలుపు ఎవరు తీస్తారో ముందే ఫోను చేసి చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న